రేడియేషన్ ముగిశాక ఆపరేషన్ ఎప్పుడు? పురీషనాళ క్యాన్సర్ చికిత్సలో ఆ మధ్య వారాలపై ఒక సమీక్ష

పురీషనాళ (పెద్దపేగు చివరన, మలద్వారానికి పైనున్న భాగం) క్యాన్సర్‌కు ముందు కీమో, రేడియేషన్ ఇచ్చి ఆ తర్వాత ఆపరేషన్ చేసే పద్ధతిలో, రోగి చేతికొచ్చే కాగితాల్లో అన్నిటికంటే తక్కువ రాసి ఉండేది ఆ రెండిటి నడుమ కాలం గురించే. రేడియేషన్‌కు రోజువారీ షెడ్యూలు ఉంటుంది. ఆపరేషన్‌కు పేజీల కొద్దీ సమ్మతి పత్రం ఉంటుంది. మధ్య వారాలకు మాత్రం చాలాచోట్ల ‘ఎనిమిది వారాల తర్వాత సర్జన్‌ను కలవండి’ అన్న ఒక్క వాక్యమే. ఆ వాక్యం వెనక ఏం జరగాలి, ఒక ఆసుపత్రి 6 వారాలంటే ఇంకొకటి 12 వారాలని, మరొకటి వారం లోపే అని ఎందుకంటుంది, అందులో ఏది ఎవరికి నప్పుతుంది అన్నదే ఇక్కడ చూస్తున్నాం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఐదారు వారాల రేడియేషన్ తీసుకున్నవారికి చివరి రోజు నుంచి లెక్కపెట్టి 6 నుంచి 8 వారాల మధ్య ఒక గట్టి పరీక్ష జరగాలి. గడ్డ మిగిలి ఉందని తేలితే 8 నుంచి 10 వారాల్లో ఆపరేషన్ అయిపోవాలి. ఇది నమ్మదగిన సేవ. 12 వారాలు దాటించడం తప్పేమీ కాదు గానీ, గడ్డ కరుగుతోందని పరీక్షలో చూసి దాటించాలి. ఆపరేషన్ థియేటర్ ఖాళీ లేక దాటిపోవడం వేరు, గడ్డ తగ్గుతోంది కాబట్టి ఆగడం వేరు. క్యాలెండర్‌లో రెండూ ఒకేలా ఉంటాయి, ఫలితంలో ఉండవు.

అసలు ఆగడం దేనికి

రేడియేషన్ క్యాన్సర్ కణాన్ని అక్కడికక్కడే చంపదు. కణం లోపలి డీఎన్‌ఏను తెంపుతుంది. ఆ కణం మళ్ళీ విభజన చెందబోయినప్పుడు, తెగిన డీఎన్‌ఏతో ఆ పని చెయ్యలేక చచ్చిపోతుంది. అందుకే యంత్రం ఆగిపోయిన తర్వాత కూడా గడ్డ తగ్గుతూనే ఉంటుంది, వారాల తరబడి. ఈలోగా చుట్టూ ఉన్న మంచి కణజాలం వాచి, నీరు చేరి ఉంటుంది. రేడియేషన్ చివరి రోజుల్లోనూ ఆ తర్వాతి రెండు మూడు వారాల్లోనూ విరేచనాలు, మూత్రంలో మంట, మలద్వారం చుట్టూ చర్మం పచ్చిగా అవడం ఎక్కువగా ఉండేది అందుకే. ఆ వాపు దిగాలి, పడిపోయిన రక్తకణాలు కోలుకోవాలి, గడ్డ వీలైనంత చిన్నది కావాలి.

మరి ఎంతకాలమైనా ఆగొచ్చు కదా అంటే, ఆగకూడదు. రేడియేషన్ తగిలిన కణజాలం వాపు దిగాక మెల్లగా గట్టిపడి పీచుకట్టడం మొదలవుతుంది. చికిత్సకు లొంగని కణాలేవైనా ఉంటే అవి మళ్ళీ పెరగడానికి ఆ సమయమే దొరుకుతుంది. కటి భాగం దాటి కాలేయానికో ఊపిరితిత్తులకో కణాలు అప్పటికే చేరి ఉంటే, వాటిమీద రేడియేషన్ ప్రభావం ఏమీ ఉండదు. రేడియేషన్‌తో పాటు ఇచ్చే కీమో మాత్ర మోతాదు రేడియేషన్‌కు పదును పెట్టడానికే తప్ప ఒంటినంతటినీ శుద్ధి చెయ్యడానికి సరిపోదు.

ఆగితే లాభమని మొదట గట్టిగా చూపించింది ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో జరిగిన ఒక పరిశోధన. 1999లో ఫలితాలు వచ్చాయి. 201 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు రేడియేషన్ అయిన రెండు వారాల లోపు, రెండో జట్టుకు 6 నుంచి 8 వారాలకు ఆపరేషన్ చేశారు. తీసిన భాగాన్ని పరీక్షిస్తే, గడ్డ దశ తగ్గినవారు మొదటి జట్టులో 10 శాతం, రెండో జట్టులో 26 శాతం. 2004లో వచ్చిన జర్మనీ పరిశోధనలో, ఆపరేషన్‌కు ముందే కీమో, రేడియేషన్ ఇచ్చి 6 వారాలు ఆగినవారిలో ఐదేళ్ళలో అదే చోట క్యాన్సర్ తిరగబెట్టింది 6 శాతం మందికి. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఇచ్చినవారిలో ఇది 13 శాతం. ఈ రెండిటితో 6 నుంచి 8 వారాలన్నది వాడుకలో స్థిరపడిపోయింది.

మామూలు కోర్సు: 6, 8, 12 వారాలు

ఈ కోర్సులో మొత్తం 45 నుంచి 50.4 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్‌ను రోజుకు 1.8 గ్రే చొప్పున 25 నుంచి 28 విడతల్లో, వారానికి ఐదు రోజులు ఇస్తారు. దాంతోపాటు కేపసిటబిన్ అనే కీమో మాత్రలు, సాధారణంగా శరీర ఉపరితలం ప్రతి చదరపు మీటరుకు 825 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, తిన్న అరగంట లోపు వేసుకోవాలి. మాత్రలు పడనివారికి 5 ఎఫ్‌యూ మందును పంపు ద్వారా నరంలోకి ఎక్కిస్తారు.

ఇక్కడ అందరూ పొరబడే చోటొకటుంది. వారాలు లెక్కపెట్టేది ఎక్కడినుంచి? ఆసుపత్రి చెప్పే 8 వారాలు చివరి రేడియేషన్ రోజు నుంచి. కొన్ని పరిశోధన పత్రాలు మాత్రం మొదటి రోజు నుంచి లెక్కపెడతాయి. నెదర్లాండ్స్‌లో దేశమంతటి ఆపరేషన్ల వివరాలు కూడగట్టి 2013లో వేసిన ఒక నివేదిక, 15–16 వారాలకు చేసిన ఆపరేషన్లలో గడ్డ పూర్తిగా మాయమైనవారు ఎక్కువని చెప్పింది. అది చదివి నాలుగు నెలలు ఆగాలేమో అనుకున్నవారున్నారు. ఆ లెక్క రేడియేషన్ మొదలైన రోజు నుంచి. చివరి రోజు నుంచి చూస్తే అది 10–11 వారాలే. డిశ్చార్జి కాగితం మీద చివరి రేడియేషన్ తేదీ, చివరి కీమో తేదీ విడివిడిగా రాయించుకోవడం ఎంత అవసరమో దీన్నిబట్టి అర్థమవుతుంది. సెలవులవల్లో, యంత్రం పాడవడంవల్లో, రక్తకణాలు పడిపోవడంవల్లో కోర్సు నాలుగైదు రోజులు వెనక్కి జరగడం సామాన్యం. పాత షెడ్యూలు మీదున్న తేదీని పట్టుకుని లెక్కపెడితే పరీక్ష ముందుగా పడిపోతుంది.

ఇక 8 వారాలు దాటి ఆగితే ఏమొస్తుందన్న విషయంలో పరిశోధనలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. ఫ్రాన్స్‌లోనే జరిగిన గ్రెకార్-6 పరిశోధన 265 మందిలో 7 వారాలను, 11 వారాలను పోల్చింది. గడ్డ ఆనవాలు లేకుండా పోయినవారు 15 శాతం, 17.4 శాతం. అంటే పెద్ద తేడా లేదు. కానీ ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు 32 శాతం నుంచి 44.5 శాతానికి పెరిగాయి. పురీషనాళం చుట్టూ ఉండే కొవ్వు పొరను చెక్కుచెదరకుండా తియ్యగలిగింది 7 వారాల జట్టులో 90 శాతం మందిలో, 11 వారాల జట్టులో 78.7 శాతం మందిలో. సర్జన్లకు ఇది చిన్న విషయం కాదు.

మరోవైపు బ్రిటన్‌లో 237 మందితో 6 వారాలనూ 12 వారాలనూ పోల్చిన పరిశోధనలో గడ్డ దశ తగ్గినవారు 43 శాతం నుంచి 58 శాతానికి, పూర్తిగా మాయమైనవారు 9 శాతం నుంచి 20 శాతానికి పెరిగారు. టర్కీలో 327 మందితో చేసిన పరిశోధనలో గడ్డ పూర్తిగా మాయమైనవారు 8 వారాల లోపు 10 శాతం, 8 దాటి 12 లోపు 18.6 శాతం. రెండు చోట్లా ఆగినవారికే మేలు.

వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచేది ఇది. 6 వారాల నుంచి మొదలుపెట్టి కొలిస్తే ఆగడం వల్ల లాభం బాగా కనిపిస్తుంది. 7 నుంచి కొలిస్తే చాలావరకు కనిపించదు. గడ్డ కరిగే పనిలో ఎక్కువ భాగం 8–10 వారాలకే అయిపోతుందని అనుకోవడానికి ఇది ఆధారం. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. గడ్డ మాయమైనవారి శాతం పెరిగినంత మాత్రాన బతికే కాలం పెరిగినట్టు కాదు. గ్రెకార్-6లో వారిని మూడేళ్ళు గమనించినా ప్రాణరక్షణలో తేడా కనబడలేదు.

6 వారాల సేవకు మేం తక్కువ మార్కులే వేస్తాం, ఒక్క సందర్భంలో తప్ప. అదేమిటంటే, గడ్డ అసలు లొంగకపోవడం. ఇటలీ ఆసుపత్రుల్లో చికిత్సకు అంతగా స్పందించని 1064 మంది వివరాలను 2021లో ప్రచురించారు. వారిలో 8 వారాల లోపు ఆపరేషన్ అయినవారిలో ఐదేళ్ళు బతికినవారు 80.3 శాతం, 8 వారాలు దాటినవారిలో 67.6 శాతం. ఇది జట్లుగా విడదీసి చేసిన పరిశోధన కాదు, పాత రికార్డులు తిరగేసి చేసింది. కాబట్టి దాన్నే తుది మాటగా తీసుకోలేం. అయినా ఆచరణలో దానికి విలువుంది. రేడియేషన్ ముగిసిన 6 వారాలకు వేలితో పరీక్షించినప్పుడు గడ్డ మొదట ఎలా ఉందో అలాగే గట్టిగా, కదలకుండా, అంతే పొడవుగా తగిలితే, ‘ఇంకో నెల చూద్దాం’ అనడంలో అర్థం లేదు. కరిగే గడ్డకు సమయం ఇవ్వాలి, కరగని గడ్డకు ఇవ్వకూడదు. అందర్నీ ఒకే గాటన కట్టి అందరికీ 10 వారాలని రాసే ఆసుపత్రి ఈ తేడాను వదిలేస్తోంది.

సర్జన్ చేతికి తగిలేది

వారాలు ఆపరేషన్ బల్ల మీద ఎలా కనిపిస్తాయో దగ్గరగా చూద్దాం. పురీషనాళం చుట్టూ కొవ్వు, లింఫ్ గ్రంథులు, రక్తనాళాలు కలిసిన మెత్తటి దిండులాంటి భాగం ఉంటుంది. దానిమీద పల్చటి పొర. ఆ పొరకూ కటి గోడకూ మధ్య సాలెగూడు పోగుల్లాంటి వదులైన సందు. ఆ సందులోంచే వెళ్ళి మొత్తాన్ని ఒక్క ముద్దగా బయటికి తియ్యాలని 1982లో బిల్ హీల్డ్ అనే బ్రిటిష్ సర్జన్ చెప్పాడు. ఈ క్యాన్సర్ అదే చోట తిరగబెట్టడం గణనీయంగా తగ్గింది ఆ పద్ధతి వల్లే.

రేడియేషన్ అయిన మొదటి వారంలో ఆ సందు దాదాపు మామూలుగానే ఉంటుంది. రెండు మూడు వారాలకు నీరు చేరి, కత్తి తగిలిన చోటల్లా రక్తం చెమరుస్తుంది. 6 నుంచి 10 వారాల మధ్య నీరు దిగి, సందు మళ్ళీ తేటగా కనిపిస్తుంది. ఆ తర్వాత నెలలు గడిచేకొద్దీ వదులు పోగులు బిగుసుకుని పొర కటి గోడకు అతుక్కుంటుంది. అప్పుడు సర్జన్ లోపలికి జరిగితే కొవ్వు పొర చిరుగుతుంది, బయటికి జరిగితే మూత్రాశయానికీ లైంగిక అవయవాలకూ వెళ్ళే నరాలు తెగుతాయి. ఇరుకైన కటి ఉన్న మగవారిలో, మలద్వారానికి దగ్గరగా ఉన్న గడ్డల్లో ఈ కష్టం రెట్టింపు. ఆపరేషన్ తర్వాత, తీసిన భాగాన్ని పరీక్షించి ఇచ్చే పెథాలజీ రిపోర్టులో ‘కొవ్వు పొర సంపూర్ణం’, ‘దాదాపు సంపూర్ణం’, ‘అసంపూర్ణం’ అని మూడు స్థాయిలు రాస్తారు. ఆసుపత్రి నాణ్యతకు దానికి మించిన కొలమానం మరొకటి కనిపించదు. గడ్డకూ, కోసి తీసిన ముద్ద చుట్టు అంచుకూ మధ్య 1 మిల్లీమీటరు కంటే ఎక్కువ ఎడం ఉందా లేదా అన్నది ఆ తర్వాతి వరుస.

చిన్న కోర్సు: వారం లోపు, లేదా నెల దాటాక

రోజుకు 5 గ్రే చొప్పున ఐదు రోజులు, మొత్తం 25 గ్రే. సోమవారం మొదలై శుక్రవారం ముగుస్తుంది. సంప్రదాయంగా ఆ మరుసటి వారంలోనే ఆపరేషన్. గడ్డ చిన్నదవ్వాలన్న ఉద్దేశం ఇందులో లేదు. చెదిరిన కణాలను చంపి, వాపు రాకముందే కోసెయ్యడమే ఉద్దేశం.

స్వీడన్‌లో 840 మందితో జరిగిన స్టాక్‌హోమ్-3 పరిశోధన దీన్ని బాగా విప్పి చెప్పింది. వారం లోపు ఆపరేషన్ అయినవారిలో 53 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులొచ్చాయి, 4 నుంచి 8 వారాలు ఆగినవారిలో 41 శాతం మందికి. క్యాన్సర్ తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆగినందుకు చెల్లించిన మూల్యం కూడా ఉంది. ఆ వారాల్లో రేడియేషన్ దుష్ప్రభావాలు తీవ్రంగా వచ్చినవారు 7 శాతం. వారం లోపు ఆపరేషన్ అయినవారిలో అది 1 శాతం కూడా లేదు. చిన్న కోర్సు కదా, దుష్ప్రభావాలు ఉండవనుకుని ఇంటికి పంపేస్తారు. అసలు విరేచనాలు మొదలయ్యేది ఇంటికెళ్ళాకే. ఆ వారాల్లో ఫోన్ ఎత్తే మనిషి లేని సేవకు మేం మార్కులు కోస్తాం.

ఈ పద్ధతిలో ఎక్కువగా దెబ్బతినేది మధ్యలో చిక్కుకున్నవారు. తొలి రేడియేషన్ రోజు నుంచి 11 నుంచి 17 రోజుల మధ్య ఆపరేషన్ అయినవారిలో ఇబ్బందులు అందరికంటే ఎక్కువని ఆ పరిశోధన తొలి నివేదికలోనే కనిపించింది. సర్జన్ చేతికి రక్తం చెమరుస్తూ తగిలే రోజులు అవే. కాబట్టి అనుకున్న రోజున థియేటర్ దొరక్కపోతే నాలుగైదు రోజులు వెనక్కి జరపడం కంటే, నాలుగు వారాల అవతలికి నెట్టడం మేలు. ‘ఈ వారం కాకపోతే వచ్చే వారం’ అన్నది ఇక్కడ చెల్లదు. ఈ ఒక్క విషయం తెలిసి షెడ్యూలు వేసే ఆసుపత్రేనా కాదా అన్నది ముందే అడిగి తెలుసుకోవచ్చు.

ఆగే వారాల్లో కీమో నింపితే

ఆపరేషన్ తర్వాత ఇవ్వాల్సిన కీమోను ముందుకు తెచ్చి, రేడియేషన్‌కూ ఆపరేషన్‌కూ నడుమ గానీ, రేడియేషన్‌కు ముందు గానీ ఇచ్చేస్తున్నారు. ఖాళీగా గడిచే వారాలకు పని కల్పించే ఈ పద్ధతి మాకు నచ్చింది. దీనికి బలమైన కారణం ఒకటుంది. పెద్ద ఆపరేషన్ అయ్యాక చాలామంది కీమో పూర్తిగా తీసుకోలేరు, ముందైతే తీసుకోగలరు.

అమెరికాలో 2015లో వచ్చిన ఒక పరిశోధన రేడియేషన్ తర్వాత కీమో విడతలను మెట్లుమెట్లుగా పెంచుతూ పోయింది. ఏమీ ఇవ్వనివారిలో గడ్డ పూర్తిగా మాయమైంది 18 శాతం మందికి. రెండు విడతలకు 25, నాలుగుకు 30, ఆరుకు 38 శాతం. విడతలు పెరిగేకొద్దీ ఆగిన కాలం కూడా పెరిగింది కాబట్టి, ఫలం కీమోదా కాలానిదా అన్నది విడదీసి చెప్పలేం.

నెదర్లాండ్స్, స్వీడన్ తదితర దేశాలు కలిసి చేసిన రాపిడో పరిశోధనలో చిన్న కోర్సు రేడియేషన్ తర్వాత 18 వారాల కీమో ఇచ్చి, అది ముగిసిన 2 నుంచి 4 వారాలకు ఆపరేషన్ చేశారు. గడ్డ మాయమైనవారు 28 శాతం. మామూలు కోర్సు జట్టులో 14 శాతం. దూర అవయవాలకు పాకడం తగ్గింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఐదేళ్ళ తర్వాత చూస్తే మాత్రం కటిలోనే క్యాన్సర్ తిరగబెట్టినవారు కొత్త పద్ధతిలో 10 శాతం, పాత పద్ధతిలో 6 శాతం. ఈ ఒక్క అంకె వల్లే చాలామంది చిన్న కోర్సును అందరికీ రాయడం మానుకుని ఆలోచనలో పడ్డారు. చుట్టు అంచుకు గడ్డ తగులుతున్నవారికి, మలద్వారానికి బాగా దగ్గరగా గడ్డ ఉన్నవారికి మేమైతే మామూలు కోర్సు వైపే మొగ్గుతాం.

ఫ్రాన్స్ వారి ప్రోడీజ్-23 ఇంకో దారి తొక్కింది. ముందు మూడు మందుల కీమో ఆరు విడతలు, ఆ తర్వాత మామూలు కోర్సు, 6 నుంచి 8 వారాలు ఆగి ఆపరేషన్, మిగిలిన కీమో ఆ తర్వాత. మూడేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 76 శాతం, పాత పద్ధతిలో 69 శాతం. ఇది ఒంట్లో సత్తువ ఉన్నవారికే. విరేచనాలు, తెల్ల రక్తకణాలు పడిపోవడం గట్టిగానే ఉంటాయి.

కీమో చివరన వచ్చే పద్ధతుల్లో ఆపరేషన్ తేదీకి రెండు గడియారాలుంటాయి. రేడియేషన్ నుంచి ఎన్ని వారాలన్నది ఒకటి, చివరి కీమో నుంచి ఎన్ని వారాలన్నది ఇంకొకటి. రెండోది కనీసం రెండు మూడు వారాలు లేకపోతే తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు కోలుకోవు. గాయం మానడం కష్టమవుతుంది. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు తీసుకున్నవారికి వేళ్ళ తిమ్మిర్లు మందు ఆపాక కూడా కొన్ని వారాలు పెరగొచ్చు. అది మత్తు డాక్టరుకు ముందే చెప్పాల్సిన సంగతి.

అసలు పరీక్ష ఎలా ఉండాలి

ఈ సేవ మొత్తంలో మార్కులు ఎక్కువ పడేదీ పోయేదీ ఇక్కడే. వేలితో పరీక్ష, స్కోపు (కెమెరా ఉన్న గొట్టంతో లోపల చూడటం), ఎమ్మారై మూడూ కావాలి. ఒకటి రెండో దానికి బదులు కాదు. మూడూ ఒకే వారంలో జరిగి, ఒకే సమావేశంలో సర్జన్, రేడియేషన్ డాక్టరు, స్కాన్ చదివే డాక్టరు కలిసి చూడాలి.

వేలికి గోడ నున్నగా తగలాలి. చిన్న బొడిపె, గట్టి అంచు, గరుకు తగిలితే గడ్డ మిగిలి ఉందనే అనుమానించాలి. స్కోపులో గడ్డ ఉన్నచోట చదునైన తెల్లటి మచ్చ, దానిమీద సన్నటి ఎర్రటి రక్తనాళాల గీతలు కనిపిస్తే మంచి సూచన. పుండు మిగిలి ఉంటే కాదు. ప్రతిసారీ ఫొటో తీసి భద్రపరచాలి. లేకపోతే మూడు నెలల తర్వాత వేరే డాక్టరు చూసినప్పుడు పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఎమ్మారైలో పాత స్కాన్ పక్కనే ఉండాలి. దాని కోసం డిస్కు వెంట తీసుకెళ్ళండి, రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు. గడ్డకు లంబంగా 3 మిల్లీమీటర్ల పల్చటి ముక్కలుగా తీసిన చిత్రాలు, దాంతోపాటు కణజాలంలో నీటి కదలికను చూపే డిఫ్యూజన్ చిత్రాలు ఉండాలి. పీచుకట్టిన మచ్చ నల్లగా కనిపిస్తుంది, బతికున్న గడ్డ బూడిద రంగులో కనిపిస్తుంది, డిఫ్యూజన్‌లో వెలుగుతుంది. పురీషనాళంలో గాలి నిండి ఉంటే డిఫ్యూజన్ చిత్రం వంకర్లు పోయి లేని గడ్డ ఉన్నట్టు, ఉన్న గడ్డ లేనట్టు కనిపిస్తుంది. స్కాన్‌కు కాసేపు ముందు చిన్న ఎనిమా ఇస్తే ఈ తంటా చాలావరకు తప్పుతుంది. నాలుగో వారంలో తీసిన ఎమ్మారైలో వాపుకూ గడ్డకూ తేడా పట్టడం కష్టం. తొందరపడి తీయించుకుంటే మళ్ళీ తీయాల్సే వస్తుంది.

బయాప్సీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మచ్చ నుంచి చిన్న ముక్క తీసి, అందులో క్యాన్సర్ లేదని రాగానే ఊపిరి పీల్చుకునేవారు చాలామంది. రేడియేషన్ తర్వాత మిగిలే కణాలు ఎక్కువగా పైపొరలో కాకుండా లోపలి కండరంలో దాక్కుంటాయి. పైనుంచి గిల్లిన ముక్కలో అవి దొరక్కపోవచ్చు. ‘ఉంది’ అంటే నమ్మండి, ‘లేదు’ అంటే ఒక్క బయాప్సీనే నమ్ముకోకండి.

మూడు పరీక్షల్లో రెండు పూర్తిగా బాగుండి, ఒకటి అటూ ఇటూగా ఉంటే అప్పుడు మళ్ళీ 6 నుంచి 8 వారాలు ఆగి చూడటం న్యాయమే. 12 వారాలు దాటించడానికి సరైన కారణం ఇదే.

గడ్డ కనిపించకపోతే ఆపరేషన్ లేకుండా

మూడు పరీక్షల్లోనూ ఏమీ కనిపించనివారికి ఆపరేషన్ చెయ్యకుండా గమనించే పద్ధతిని బ్రెజిల్‌లో సావో పాలో సర్జన్ అంజెలీటా హబర్-గామా ముందుకు తెచ్చారు. 2004లో ఆమె ఫలితాలు వచ్చినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. 2018లో పలు దేశాల నుంచి 880 మంది వివరాలు కలిపి చూస్తే, రెండేళ్ళలో 25 శాతం మందికి గడ్డ మళ్ళీ మొలిచింది. అందులో 97 శాతం పేగు గోడలోనే, అంటే చేతికీ స్కోపుకూ అందే చోటే. అమెరికాలో జరిగిన ఓప్రా పరిశోధనలో ముందు రేడియేషన్, తర్వాత కీమో ఇచ్చిన జట్టులో మూడేళ్ళకు పురీషనాళం నిలుపుకున్నవారు 53 శాతం. కీమో ముందిచ్చిన జట్టులో 41 శాతం. అవయవం కాపాడుకోవడమే ముఖ్యమనుకునేవారు ఈ వరుసను గట్టిగా అడగొచ్చు.

ఇది ఆపరేషన్ రద్దు కాదు. మొదటి రెండేళ్ళు ప్రతి మూడు నెలలకూ వేలి పరీక్ష, స్కోపు, క్యాన్సర్ ఉనికిని సూచించే సీఈఏ రక్తపరీక్ష. ఎమ్మారై మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఆ తర్వాత ఐదేళ్ళ వరకూ ఆరు నెలలకోసారి. ఇంత రాకపోకలు కుదరవని ముందే తెలిస్తే ఈ దారి పట్టకపోవడమే క్షేమం. ఎందుకంటే మళ్ళీ మొలిచిన గడ్డను మూడు నెలల్లో పట్టుకుంటే ఆపరేషన్ మామూలుగానే సాగుతుంది, ఏడాదికి పట్టుకుంటే సాగదు.

కణితిలో ఎంఎంఆర్ లోపం (డీఎన్‌ఏ నకలులో తప్పులు దిద్దే వ్యవస్థ పనిచెయ్యకపోవడం) ఉన్న కొద్దిమందికి అసలు ఈ లెక్కలేవీ వర్తించకపోవచ్చు. 2022లో డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే) మందు ఒక్కటే ఇచ్చి చూసిన మొదటి 12 మందిలో అందరికీ గడ్డ కనిపించకుండా పోయింది, రేడియేషన్ గానీ ఆపరేషన్ గానీ లేకుండానే. మొదటి బయాప్సీ ముక్క మీదే ఈ పరీక్ష చేసేయొచ్చు. రేడియేషన్ మొదలయ్యాక గుర్తు రావడం కంటే ముందే అడగడం మంచిది.

ఆ వారాల్లో ఇంటి దగ్గర

ఆగే కాలం ఒళ్ళు బాగుచేసుకునే కాలం కూడా. హిమోగ్లోబిన్ తక్కువుంటే ఐరన్ ఇప్పుడే ఎక్కించుకోవాలి, ఆపరేషన్ ముందురోజు కాదు. పొగ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందే ఆపాలి. రేడియేషన్ తగిలిన పేగును కలిపి కుట్టిన చోట లీకు రావడానికి పొగ పెద్ద కారణం. రోజూ నడక, మాంసకృత్తులు ఎక్కువున్న ఆహారం, వారానికోసారి బరువు చూసుకోవడం. బరువు తగ్గుతూనే ఉంటే తేదీ దగ్గరపడేదాకా ఆగకుండా చెప్పాలి. షుగర్ అదుపులో ఉండాలి. రక్తం పల్చబరిచే వార్ఫరిన్ వాడేవారికి కేపసిటబిన్‌తో రక్తం మరీ పల్చబడుతుంది కాబట్టి, మాత్రలు ఆపిన తర్వాత కూడా కొన్ని వారాలు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం కొలిచే పరీక్ష) చూస్తూ ఉండాలి.

కడుపు ఉబ్బి గ్యాసు కూడా పోకపోవడం, వాంతులు, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, ఆగని రక్తస్రావం, ఒక్క కాలే వాచి నొప్పెట్టడం వస్తే పరీక్ష తేదీ కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అవి వారాల లెక్కకు లొంగే విషయాలు కావు.

స్టోమా సంచి (పొట్ట మీద చేసిన దారిలోంచి వచ్చే మలాన్ని పట్టే సంచి) పెట్టే అవకాశముంటే, తాత్కాలికమైనా సరే, దాని చోటును ఆపరేషన్‌కు ముందే స్టోమా నర్సు గుర్తు పెట్టాలి. నిలబెట్టి, కూర్చోబెట్టి, ముందుకు వంచి చూసి, పొట్ట మడతలకూ నడుము పట్టీకీ దూరంగా, రోగి తన కళ్ళతో చూసుకోగలిగే చోట గుర్తు పెట్టాలి. పడుకోబెట్టి పెట్టిన గుర్తు లేచి కూర్చోగానే మడతలోకి పోతుంది. అక్కడ సంచి అంటుకోదు, రోజూ కారుతుంది, చర్మం పుండవుతుంది. ఆపరేషన్ ఎంత బాగా చేసినా తర్వాతి నెలలు నరకమయ్యేది ఈ పావుగంట పని వదిలేసినందుకే.

ఆపరేషన్ తేదీ ఏ కారణంతోనైనా వాయిదా పడితే, ఎవరు ఫోన్ చెయ్యాలి, ఎమ్మారై మళ్ళీ కావాలా అన్నది ముందే అడిగి పెట్టుకోండి. పరీక్షకూ ఆపరేషన్‌కూ మధ్య రెండు నెలలు గడిచిపోతే పాత స్కాన్ మీద ఆధారపడి కోయడం మాకు సమ్మతం కాదు. ఆపరేషన్ అయ్యాక ఇవ్వాల్సిన కీమో మిగిలి ఉంటే, అది 8 వారాల లోపు మొదలవ్వాలి. పెథాలజీ రిపోర్టు చేతికి రాగానే ఆ అపాయింట్‌మెంట్ కూడా అదే రోజు తీసుకోండి.